చిమ్నీ పొగ నుంచి ఆమ్ల వర్షం దాకా: కంప్యూటర్ మోడల్ కట్టే విధానం, మొదటి నుంచి చివరి దాకా

ఒక ఫ్యాక్టరీ చిమ్నీ లేదా పవర్ ప్లాంట్ ఉంది. దాని పొగ చుట్టుపక్కల కురిసే వానను ఎంత ఆమ్లంగా మారుస్తోంది? ఈ ప్రశ్నకు కంప్యూటర్‌తో జవాబు వెతికేవాళ్లలో చాలామంది నేరుగా పీహెచ్ మ్యాప్ గీయాలని చూస్తారు. లెక్క దారి తప్పేది అక్కడే. వాన నీటిలో చేరిన ఆమ్లాల మొత్తంలోంచి క్షారాల మొత్తం తీసేస్తే ఏం మిగులుతుందో దాన్నిబట్టే పీహెచ్ తేలుతుంది. అంటే అది రెండు పెద్ద సంఖ్యల మధ్య ఉండే చిన్న తేడా. పై రెండింటిలో ఏ ఒక్కటి కాస్త తప్పినా తేడా మొత్తం తలకిందులవుతుంది. అందుకే ఈ పద్ధతిలో పీహెచ్ చివర్లో వస్తుంది. ముందు ఎంత సల్ఫర్, ఎంత నైట్రోజన్ ఎక్కడ నేలకు చేరిందో తేల్చాలి.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. పైథాన్ కాస్త వస్తే మంచిది, రాకపోతే మొదటి సగం స్ప్రెడ్‌షీట్‌లోనే నడుస్తుంది. ఇంటర్మీడియట్ స్థాయి కెమిస్ట్రీ, ఒక ఏడాది గంటవారీ వాతావరణ డేటా ఉండాలి.

1. ముందు దూరం లెక్క చూడండి

మోడల్ ఎంచుకోకముందే ఒక చిన్న లెక్క వేయాలి. గాలి సెకనుకు 5 మీటర్ల వేగంతో వీస్తుంటే పొగ 50 కిలోమీటర్లు దాటడానికి 10,000 సెకన్లు పడుతుంది. అంటే రెండు గంటల ముప్పావు. ఈలోపు సల్ఫర్ డయాక్సైడ్ ఏమవుతుంది?

పగటి ఎండలో, మబ్బు లేనప్పుడు, అది సల్ఫేట్‌గా మారే వేగం గంటకు సుమారు 1 శాతం. 50 కిలోమీటర్ల లోపు మారేది 3 శాతం కూడా కాదు. నేలను, ఆకులను తాకి వాయువుగానే అతుక్కుపోయేది కొంత ఉంటుంది. దీన్నే పొడి నిక్షేపం అంటారు. ఆ వేగం సెకనుకు 0.8 సెంటీమీటర్లు, పొగ కలిసే గాలి పొర మందం 1,000 మీటర్లు అనుకుంటే ఇంకో 8 శాతం పోతుంది. మిగతా 89 శాతం దాకా హద్దు దాటి వెళ్లిపోతుంది. అదే సమయమంతా గంటకు 2 మిల్లీమీటర్ల వాన పడుతుంటే మాత్రం కథ వేరు. అప్పుడు సగానికి కాస్త తక్కువ వానలో కడుక్కుపోతుంది.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. స్థానిక పొగ వల్ల దగ్గర్లో కురిసే ఆమ్లంలో ఎక్కువ భాగం గాలిలో నిదానంగా తయారైన సల్ఫ్యూరిక్ ఆమ్లం కాదు, వాన చినుకు దారిలో తనలో కలుపుకున్న సల్ఫర్ డయాక్సైడ్. ఇక మీరు కొలిచే వానలో పెద్ద వాటా ఎక్కడో వందల కిలోమీటర్ల అవతలి పొగది కావచ్చు. ఎత్తైన చిమ్నీలతో జరిగిందీ ఇదే. కెనడాలోని సడ్‌బరీలో నికెల్ కరిగించే కర్మాగారానికి 1970ల మొదట్లో 381 మీటర్ల చిమ్నీ కట్టారు. పట్టణంలో గాలి మెరుగుపడింది. సల్ఫర్ మాత్రం ఎక్కడికీ పోలేదు, దూరాన పడింది.

కాబట్టి మీ ప్రశ్నను ఒక వాక్యంలో రాసి పెట్టుకోండి. "ఈ మూలం వల్ల 30 కిలోమీటర్ల లోపు ఏడాదికి హెక్టారుకు ఎన్ని కిలోల సల్ఫర్ పడుతోంది?" అనేది మంచి ప్రశ్న. "ఇక్కడి వాన ఆమ్లమా కాదా?" అన్నదానికి మోడల్ అక్కర్లేదు, వాన నీళ్లు పట్టి కొలిస్తే సరిపోతుంది.

2. ఉద్గారాల పట్టిక

మోడల్‌కు ఇది పునాది. అయినా అందరూ హడావుడిగా ముగించేది కూడా ఇదే. ఇంధనంలోని సల్ఫర్ నుంచి లెక్క వేయడం అన్నింటికన్నా నమ్మదగిన దారి. గంటకు 10 టన్నుల బొగ్గు కాలుతోంది, అందులో సల్ఫర్ 0.5 శాతం అనుకుందాం. అంటే 50 కిలోల సల్ఫర్. సల్ఫర్ పరమాణు భారం 32, సల్ఫర్ డయాక్సైడ్ అణుభారం 64 కాబట్టి బరువు రెట్టింపై 100 కిలోలవుతుంది. దాదాపు 5 శాతం బూడిదలో ఉండిపోతుంది. చిమ్నీ నుంచి బయటికి వచ్చేది గంటకు 95 కిలోలు, అంటే సెకనుకు 26.4 గ్రాములు. ఈ సంఖ్య గుర్తుంచుకోండి, ముందు ముందు వాడతాం.

నైట్రోజన్ ఆక్సైడ్లతో ఒక చిక్కుంది. అవి చిమ్నీలోంచి వచ్చేటప్పుడు ఎక్కువగా నైట్రిక్ ఆక్సైడ్ రూపంలో ఉంటాయి. పట్టికల్లో మాత్రం మొత్తాన్ని నైట్రోజన్ డయాక్సైడ్ బరువుగా మార్చి రాయడం ఆనవాయితీ. ఏ రూపంలో రాశారో చూసుకోకుండా మోడల్‌లోకి ఎక్కిస్తే 46కు 30కి ఉన్న తేడా అంతా తప్పుగా మీ ఫలితంలోకి వస్తుంది.

చాలామంది వదిలేసేవి మూడున్నాయి. మొదటిది హైడ్రోజన్ క్లోరైడ్. బొగ్గు నుంచి, చెత్త కాల్చే కొలిముల నుంచి వస్తుంది, నీటిలో ఇట్టే కరుగుతుంది. చిమ్నీకి దగ్గర్లో పడే వానకు ఇది పరిమాణానికి మించిన దెబ్బ తీస్తుంది. రెండోది అమోనియా, మూడోది కాల్షియం ఉన్న ధూళి. ఇవి కాలుష్యమే అయినా ఆమ్లాన్ని తటస్థం చేస్తాయి. సిమెంటు ఫ్యాక్టరీ, మట్టి రోడ్డు, పశువుల షెడ్లు, యూరియా వేసిన పొలాలు... వీటిని పట్టికలో రాయకపోతే మీ మోడల్ ప్రతి వాననూ ఆమ్ల వర్షమనే చెబుతుంది.

ప్రతి మూలానికీ చిమ్నీ ఎత్తు, వ్యాసం, పొగ ఉష్ణోగ్రత, వేగం, నడిచే గంటలు కూడా రాయండి. ఏడాది సగటు ఒక్కటే ఇస్తే చాలదు. వర్షాకాలంలో ప్లాంటు తక్కువ లోడు మీద నడిస్తే సగటు మిమ్మల్ని మోసం చేస్తుంది.

3. వాతావరణం: వాన పడే గంటల గాలి వేరు

ఏడాది పొడవునా వీచే గాలి దిశలతో గులాబీ చిత్రం గీసి, "గాలి పడమటి నుంచి వీస్తుంది కాబట్టి ఆమ్లం తూర్పున పడుతుంది" అనడం సర్వసాధారణం. వానతో నేలకు చేరేదాన్ని తడి నిక్షేపం అంటారు. దానికి ఆ చిత్రం పనికిరాదు. గంటకు 0.2 మిల్లీమీటర్లకు మించి వాన పడిన గంటలను మాత్రమే వేరు చేసి, ప్రతి గంటకూ వాన మొత్తాన్ని బరువుగా ఇచ్చి మళ్లీ గీయండి. చాలా చోట్ల వానను తెచ్చే గాలి, మామూలు గాలి వేర్వేరు దిక్కుల నుంచి వస్తాయి. రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే వాన కొలిచే పరికరం ఎక్కడ పెట్టాలో కూడా అర్థమవుతుంది.

స్థానిక వాతావరణ కేంద్రం గంటవారీ డేటా దొరికితే అదే మేలు. లేకపోతే యూరప్ వాతావరణ కేంద్రం ఉచితంగా ఇచ్చే ఈఆర్ఏ5 డేటా ఉంది. 1940 నుంచి గంటగంటకూ ఉంటుంది, నేలను విడగొట్టిన ఒక్కో గడి (చదరం) వెడల్పు సుమారు 31 కిలోమీటర్లు. గాలికి అది ఫరవాలేదు కానీ వానకు కాస్త అనుమానమే. ఒక ఉరుముల వాన కురిసేది ఐదారు కిలోమీటర్ల మేర. గడి సగటులో అది సన్నటి జల్లుగా మారి గంటల తరబడి పడుతుంది. సన్నటి జల్లు పొగను కడిగే తీరు వేరు కాబట్టి వర్షమాపకం రీడింగులతో సరిచూడకుండా వాడొద్దు. కొండలు, సముద్రతీరం ఉన్న చోట డబ్ల్యూఆర్ఎఫ్ లాంటి వాతావరణ మోడల్‌ను చిన్న గడులతో నడపక తప్పదు.

4. ఏ మోడల్?

దూరాన్ని బట్టి, కెమిస్ట్రీ అవసరాన్ని బట్టి ఎంచుకోండి. అమెరికా పర్యావరణ సంస్థ వాడే ఎయిర్‌మాడ్ 50 కిలోమీటర్ల లోపు గాలి నాణ్యతకు చక్కగా పనిచేస్తుంది. తడి, పొడి నిక్షేపం కూడా లెక్కిస్తుంది. కానీ సల్ఫేట్ తయారయ్యే రసాయనం అందులో లేదు. కాల్‌పఫ్ పొగను చిన్న చిన్న ఉబ్బులుగా వదిలి, మారే గాలితో పాటు వాటిని నడిపిస్తుంది. సల్ఫర్ డయాక్సైడ్, సల్ఫేట్, నైట్రోజన్ ఆక్సైడ్లు, నైట్రిక్ ఆమ్లం, నైట్రేట్ అనే ఐదింటితో సులభమైన కెమిస్ట్రీ అందులో ఉంది. ఒకటి రెండు చిమ్నీల ప్రభావం తేల్చాలంటే నా ఓటు దీనికే. పొగ ఎటు పోయిందో, ఈ వాన ఎక్కడి గాలి తెచ్చిందో తెలియాలంటే గాలి దారులు గీసే హైస్‌ప్లిట్ చాలు.

ఒక ప్రాంతం మొత్తం, వందల మూలాలు, మబ్బుల్లో జరిగే రసాయనం అన్నీ కావాలంటే సీమ్యాక్, క్యామ్ఎక్స్, ఈఎంఈపీ లాంటి గడుల మోడళ్లకు వెళ్లాలి. ఇవి ఉచితమే కానీ మంచి సర్వర్, చాలా ఓపిక కావాలి. ఇన్‌స్టాల్ చేయడానికే వారాలు పట్టొచ్చు. గడి వెడల్పు 10 కిలోమీటర్లు ఉంటే మీ చిమ్నీ పొగ పుట్టగానే ఆ గడంతా పరుచుకుంటుంది. ఒక్క చిమ్నీ కోసం ఈ మోడళ్లకు వెళ్లడం దండగ.

ఏది ఎంచుకున్నా, ముందు చేత్తో ఒక లెక్క వేసుకోండి. పెద్ద మోడల్ ఇచ్చే జవాబు దీనికి పది రెట్లు అటూ ఇటూ ఉంటే ఎక్కడో యూనిట్ తప్పిందని వెంటనే తెలుస్తుంది.

5. చేతి లెక్క: చినుకు పొగను ఎంత కడుగుతుంది?

మన చిమ్నీనే తీసుకుందాం. సెకనుకు 26.4 గ్రాములు, గాలి సెకనుకు 5 మీటర్లు, వాన గంటకు 2 మిల్లీమీటర్లు. గాలివాటున సరిగ్గా 10 కిలోమీటర్ల దూరాన ఉన్న చోటు మనకు కావాలి.

ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. వాన పైనుంచి కింది దాకా పొగపాయ మొత్తాన్ని దాటుకుంటూ వస్తుంది. కాబట్టి పొగ ఎంత ఎత్తున ఉంది, నిలువుగా ఎంత పరుచుకుంది అన్నవి ఈ లెక్కలో అవసరం లేదు. ఒక చదరపు మీటరు నేల మీద నిలబెట్టిన గాలి స్తంభంలో మొత్తం ఎంత పొగ ఉందో తెలిస్తే చాలు. అడ్డంగా ఎంత పరుచుకుందో మాత్రం కావాలి. మబ్బు కమ్మిన వాన వేళ వాతావరణం 'డి' తరగతికి చెందుతుంది (గాలి పొగను ఎంతగా కలుపుతుందో చెప్పే స్థిరత్వ తరగతుల్లో ఇది ఒకటి). బహిరంగ ప్రదేశాలకు బ్రిగ్స్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రం ప్రకారం 10 కిలోమీటర్ల దగ్గర అడ్డ విస్తరణ ఇలా వస్తుంది:

0.08 × 10,000 ÷ √(1 + 0.0001 × 10,000) = 566 మీటర్లు

పొగపాయ నడిమధ్యన స్తంభంలోని మొత్తం:

26.4 ÷ (5 × 2.507 × 566) = 0.00372 గ్రాములు, ఒక చదరపు మీటరుకు

ఇందులో 2.507 అనేది 2πకు వర్గమూలం. ఇక కడిగే వేగం. కాల్‌పఫ్‌లో సల్ఫర్ డయాక్సైడ్‌కు ముందే ఇచ్చి ఉంచిన గుణకం గంటకు 1 మిల్లీమీటరు వానకు సెకనుకు 0.00003. వాన రెట్టింపైతే ఇదీ రెట్టింపు, అంటే 0.00006. పోలిక కోసం చెప్పాలంటే నైట్రిక్ ఆమ్లానికి 0.00006, సల్ఫేట్, నైట్రేట్ కణాలకు 0.0001, నైట్రోజన్ ఆక్సైడ్లకు సున్నా. చివరిదాన్ని గమనించండి. నైట్రిక్ ఆక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్ నీటిలో దాదాపు కరగవు. అవి నైట్రిక్ ఆమ్లంగా మారాకే వానకు చిక్కుతాయి.

పొగ 10 కిలోమీటర్లు రావడానికి 2,000 సెకన్లు. ఈలోపే వానలో 11 శాతం పోయి 0.887 వంతు మిగిలింది. కాబట్టి ఆ చోట గంటకు పడేది:

0.00372 × 0.887 × 0.00006 × 3,600 = 0.00071 గ్రాములు, అంటే 0.71 మిల్లీగ్రాములు

ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీళ్లు. 0.71 మిల్లీగ్రాములు 2 లీటర్లలో కరిగితే లీటరుకు 0.356 మిల్లీగ్రాములు, లేదా 5.6 మైక్రోమోల్. ఇది పూర్తిగా ఆక్సీకరణం చెంది సల్ఫేట్ అయితే ఒక్కో అణువు రెండు హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది. అంటే లీటరుకు 11.1 మైక్రో ఈక్వివలెంట్ల ఆమ్లం (మైక్రోమోల్‌ను అయాన్ ఆవేశంతో గుణిస్తే వచ్చేది మైక్రో ఈక్వివలెంట్).

ఈ సంఖ్యను నమ్మేముందు ఒక పరీక్ష పెట్టాలి. సల్ఫర్ డయాక్సైడ్ చినుకులోకి వెళ్లడమే కాదు, బయటికీ వస్తుంది. చినుకు ఎంత ఆమ్లంగా ఉంటే అంత తక్కువ పట్టుకుంటుంది. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 5 ఉన్న నీరు గాలిలోని ఒక పీపీబీకి (వంద కోట్ల భాగాల్లో ఒక భాగానికి) లీటరుకు సుమారు 1.6 మైక్రోమోల్ పట్టుకోగలదు. పీహెచ్ 4 అయితే అందులో పదో వంతే. పొగపాయ నడిమి ఎత్తు 150 మీటర్లు అనుకుంటే మన ఉదాహరణలో నేల దగ్గర గాఢత సుమారు 4.6 పీపీబీ వస్తుంది. పీహెచ్ 5.2 ప్రాంతంలో ఉన్న చినుకు అంత గాఢతలో 11 మైక్రోమోల్ దాకా పట్టుకోగలదు, మన 5.6 దానికి లోబడే ఉంది. అదే వాన ముందే పీహెచ్ 4కు చేరి ఉంటే పట్టుకునేది 1 మైక్రోమోల్ కూడా ఉండదు. మారని గుణకాన్ని గుడ్డిగా వాడే మోడల్ అప్పుడు అతిగా చూపిస్తుంది. మీ కోడ్‌లో ప్రతి గంటకూ రెండు సంఖ్యలూ లెక్కించి చిన్నదాన్ని తీసుకునేలా ఒక వరుస రాయండి.

6. మబ్బులో జరిగే రసాయనం

పొగ మబ్బు దాకా ఎక్కితే వ్యవహారం వేగం అందుకుంటుంది. మబ్బు బిందువుల్లో కరిగిన సల్ఫర్ డయాక్సైడ్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్ నిమిషాల్లో సల్ఫేట్‌గా మార్చేస్తుంది. ఈ చర్య వేగం మామూలు మబ్బు నీటిలో పీహెచ్ మీద పెద్దగా ఆధారపడదు. ఓజోన్ కూడా అదే పని చేస్తుంది కానీ నీరు ఆమ్లంగా మారేకొద్దీ నెమ్మదిస్తుంది. పీహెచ్ 5కు పైన ఓజోన్ దారి జోరుగా సాగి, కిందికి దిగితే దానంతట అదే మూసుకుపోతుంది. మూడో దారి ఇనుము, మాంగనీస్ ఉత్ప్రేరకాలుగా ఆక్సిజన్‌తో జరిగేది. బూడిద నిండిన పొగలో దీన్ని వదిలేయకూడదు.

ఇక్కడ మోడల్ రాసేవాళ్లు గుర్తు పెట్టుకోవలసినది పరిమితి. ఒక అణువు పెరాక్సైడ్ ఒక అణువు సల్ఫర్ డయాక్సైడ్‌నే మార్చగలదు. గాలిలో పెరాక్సైడ్ తరచుగా ఒక పీపీబీ అటూ ఇటూ, చలికాలంలో ఇంకా తక్కువ. చిమ్నీకి దగ్గర్లో పొగ గాఢత పదుల పీపీబీ ఉంటే పెరాక్సైడ్ కాసేపట్లో ఖర్చయిపోతుంది, మిగతాది అలాగే ముందుకు పోతుంది. అందువల్ల ఉద్గారాలు సగానికి తగ్గిస్తే సల్ఫేట్ సగం కావాలనే నియమం లేదు. ఆ ఒక్క పీపీబీ ఎంత పని చేస్తుందో చూడండి. ఘనపు మీటరు మబ్బులో అర గ్రాము నీరుంటే, ఒక పీపీబీ సల్ఫర్ డయాక్సైడ్ మారినప్పుడు మబ్బు నీటిలో లీటరుకు 80 మైక్రోమోల్ సల్ఫేట్ చేరుతుంది, పీహెచ్ 3.8 దాకా పడిపోతుంది. కొండల మీద పొగమంచులో తడిసే చెట్లకు కింద కురిసే వాన కన్నా ఎక్కువ దెబ్బ తగిలేది ఇందుకే.

నైట్రోజన్ వైపు కథ వేరు. పగటిపూట హైడ్రాక్సిల్ రాడికల్‌తో నైట్రోజన్ డయాక్సైడ్ కలిసే వేగం సల్ఫర్ డయాక్సైడ్ కన్నా దాదాపు పది రెట్లు. కానీ తాజా పొగలో నైట్రిక్ ఆక్సైడ్ చుట్టూ ఉన్న ఓజోన్‌ను మింగేస్తుంది కాబట్టి మొదటి కొన్ని కిలోమీటర్లలో ఆ వేగం కనపడదు. మొదటి ప్రయత్నంలో పగటికి ఒకటి, రాత్రికి ఒకటి చొప్పున స్థిరమైన మార్పు రేటు పెట్టుకుని ముందుకు సాగండి. సల్ఫర్ డయాక్సైడ్‌కు రాత్రి రేటుగా కాల్‌పఫ్ గంటకు 0.2 శాతం వాడుతుంది.

7. ఇప్పుడు పీహెచ్

వాన నీటిలో ధన ఆవేశాలు, రుణ ఆవేశాలు సమానంగా ఉండాలి. సల్ఫేట్, నైట్రేట్, క్లోరైడ్‌ల మొత్తం లోంచి అమోనియం, కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియంల మొత్తం తీసేయండి. అన్నీ మైక్రో ఈక్వివలెంట్లలో ఉండాలి. వచ్చేది 'నికర ఆమ్లం'. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల స్వచ్ఛమైన నీటి పీహెచ్ కూడా 5.6 ఉంటుంది, అంటే లీటరుకు 2.5 మైక్రోమోల్ హైడ్రోజన్ అయాన్లు. చాలామంది ఈ 2.5ను నికర ఆమ్లానికి ఊరికే కలిపేస్తారు. అది తప్పు. బలమైన ఆమ్లం చేరితే కార్బోనిక్ ఆమ్లం విడిపోవడం తగ్గుతుంది. సరైన సూత్రం ఇది:

హైడ్రోజన్ అయాన్ = (నికర ఆమ్లం + √(నికర ఆమ్లం² + 25)) ÷ 2

నికర ఆమ్లం రుణ సంఖ్య అయినా ఇది పనిచేస్తుంది. పీహెచ్ 7 దాటితే మాత్రం వాడకండి. ఇప్పుడు మన 11.1ను మూడు రకాల వానల్లో కలిపి చూద్దాం.

మొదటిది ఏమీ కలవని శుభ్రమైన నీరు. పీహెచ్ 5.60 నుంచి 4.93కు పడుతుంది. రెండోది కాల్షియం ధూళి బాగా ఉన్న చోట, లీటరుకు 20 మైక్రో ఈక్వివలెంట్లు, అంటే 0.4 మిల్లీగ్రాములు. అక్కడ 6.51 నుంచి 6.18కి దిగుతుంది అంతే. మూడోది దూరం నుంచి వచ్చిన కాలుష్యం కలిసిన వాన: సల్ఫేట్ 20, నైట్రేట్ 15, క్లోరైడ్ 10, సోడియం 10, అమోనియం 15, కాల్షియం 12. నికరం 8, పీహెచ్ 5.06. మన పొగ కలిశాక 4.71.

చిమ్నీ అదే, పొగ అదే, వాన అంతే. అయినా ఒక చోట ఎవరూ పట్టించుకోని 6.18, ఇంకో చోట 4.71. కాల్షియం అంచనాలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల పొరపాటు జరిగితే 10 మైక్రో ఈక్వివలెంట్లు తప్పుతాయి. అది మన చిమ్నీ ప్రభావమంత పెద్దది. అందుకే పట్టికలో ధూళిని వదలొద్దని అన్నది.

అమోనియా గురించి ఒక మాట. వాన నీటిలో అది ఆమ్లాన్ని తగ్గిస్తుంది, పీహెచ్ బాగానే కనిపిస్తుంది. నేలలోకి చేరాక సూక్ష్మజీవులు అమోనియంను నైట్రేట్‌గా మార్చేటప్పుడు ఒక్కో అయాన్‌కు రెండు హైడ్రోజన్ అయాన్లు విడుదలవుతాయి. పీహెచ్ బాగున్న వాన కూడా నేలను ఆమ్లంగా మార్చగలదు. మీ ప్రశ్న పంటల గురించో, అడవి గురించో, చెరువు గురించో అయితే పీహెచ్ మ్యాప్ పక్కన పెట్టి నిక్షేపం మ్యాప్ చూపించండి.

8. బయటి వాటా

స్థానిక మోడల్‌కు తన హద్దుల అవతల ఏముందో తెలియదు. ఆ వాటాను మీరే ఇవ్వాలి. మంచి దారి ఏమిటంటే వాన వేళ గాలి మీ మూలాల వైపు నుంచి కాకుండా ఎదురు దిక్కు నుంచి వచ్చిన రోజుల్లో పట్టిన వాన నీటి రసాయనాన్ని బ్యాక్‌గ్రౌండ్‌గా తీసుకోవడం. ఏ రోజులు అలాంటివో, గాలి వచ్చిన దారిని వెనక్కి గీసే హైస్‌ప్లిట్ జాడలు చెబుతాయి. అలాంటి కొలతలు లేకపోతే ప్రాంతీయ మోడల్ ఫలితాలు వాడొచ్చు. ఒక జాగ్రత్త: ప్రాంతీయ మోడల్‌లో మీ చిమ్నీ కూడా ఉండి ఉంటే అదే పొగను రెండుసార్లు లెక్కించినట్టవుతుంది.

యూరప్‌లో ఈ పని దేశాల స్థాయిలో జరిగింది. సరిహద్దులు దాటే గాలి కాలుష్యంపై 1979లో కుదిరిన జెనీవా ఒప్పందం తర్వాత ఈఎంఈపీ కార్యక్రమం ఏ దేశపు సల్ఫర్ ఏ దేశంలో ఎంత పడుతోందో ఏటా పట్టికలుగా ఇస్తూ వచ్చింది. ఎవరి పొగ ఎవరి మీద పడుతోందో అంకెల్లో కనిపించాక వాదనల తీరు మారింది.

9. కొలతలతో సరిచూడటం

ఎప్పుడూ తెరిచి ఉండే గరాటు పెడితే అందులో పొడి ధూళి కూడా పడి కాల్షియం ఎక్కువగా వస్తుంది. వాన పడేటప్పుడు మాత్రమే మూత తెరుచుకునే పరికరమే కావాలి. ప్రయోగశాల ఇచ్చిన ఫలితాల్లో ముందు ఆవేశాలు సరిపోయాయా అని చూడండి. ధన, రుణ మొత్తాల మధ్య తేడా పెద్దగా ఉంటే ఆ నమూనా పక్కన పెట్టండి, దానితో మోడల్‌ను దిద్దొద్దు.

పీహెచ్‌లకు సగటు తీయకూడదు. ఒక వానలో మొదటి 2 మిల్లీమీటర్లు పీహెచ్ 4, తర్వాతి 18 మిల్లీమీటర్లు పీహెచ్ 5 అనుకుందాం. ఊరికే సగటు తీస్తే 4.5. అసలు లెక్క: (2 × 100 + 18 × 10) ÷ 20 = లీటరుకు 19 మైక్రోమోల్, అంటే పీహెచ్ 4.72. నెల సగటైనా, ఏడాది సగటైనా వాన పరిమాణాన్ని బట్టి గాఢతల సగటు తీసి, చివర్లో పీహెచ్‌గా మార్చాలి.

సరిచూసే వరుస కూడా ముఖ్యమే. ముందు వాన మొత్తం సరిపోయిందా? తర్వాత గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్? ఆపైన వాన నీటిలో సల్ఫేట్, నైట్రేట్, అమోనియం, కాల్షియం ఒక్కొక్కటిగా. చివర్లో పీహెచ్. పీహెచ్ మాత్రం సరిగ్గా వచ్చి సల్ఫేట్ సగమే వచ్చిందంటే రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయని అర్థం. అలాంటి మోడల్‌తో రేపు "ఉద్గారాలు తగ్గిస్తే?" అని అడిగితే తప్పుడు జవాబు వస్తుంది. సల్ఫేట్ ఏడాది మొత్తం కొలతలో సగానికి, రెట్టింపుకు మధ్య ఉంటే స్థానిక మోడల్‌కు అది మంచి ఫలితమే. ఒక్కో వానకు విడివిడిగా అంత కచ్చితత్వం ఆశించి టెన్షన్ పడొద్దు.

నిక్షేపం లెక్కకు ఒక తేలిక సూత్రం: లీటరుకు మిల్లీగ్రాములను ఏడాది వాన మిల్లీమీటర్లతో గుణించి 100తో భాగిస్తే హెక్టారుకు కిలోలు వస్తాయి. వాన నీటిలో సల్ఫర్ 0.5 మిల్లీగ్రాములు, వాన 1,000 మిల్లీమీటర్లు అయితే హెక్టారుకు 5 కిలోలు. కిలో సల్ఫర్ అంటే 62.5 ఈక్వివలెంట్లు, కిలో నైట్రోజన్ అంటే 71.4. నేల ఎంత ఆమ్లాన్ని తట్టుకోగలదో ఆ 'క్రిటికల్ లోడ్' కూడా హెక్టారుకు ఈక్వివలెంట్లలోనే ఉంటుంది కాబట్టి ఇప్పుడు రెండింటినీ పోల్చొచ్చు. పొడి నిక్షేపాన్ని కలపడం మరవొద్దు. చిమ్నీ దగ్గర్లో, వానలు తక్కువ ఉన్న చోట తడి భాగం కన్నా అదే ఎక్కువ ఉండొచ్చు.

10. "తగ్గిస్తే ఏమవుతుంది?"

మోడల్ కట్టింది దీనికోసమే. ఉద్గారాలను సగం చేసి మళ్లీ నడపండి. మన ఉదాహరణలో శుభ్రమైన నీటి పీహెచ్ 4.93 నుంచి 5.19కి పెరుగుతుంది. కాలుష్యం కలిసిన మూడో వానలో 4.71 నుంచి 4.85కు మాత్రమే. స్థానిక సల్ఫర్ రెండు చోట్లా సరిగ్గా సగమే తగ్గింది. పీహెచ్ ఒక్కటే చూపిస్తే కాలుష్యం కలిసిన చోట డబ్బు వృథా అయిందని ఎవరైనా అనగలరు. కాబట్టి నివేదికలో స్థానిక నిక్షేపం, మొత్తం నిక్షేపం, పీహెచ్ మూడూ పక్కపక్కన ఇవ్వండి. కాల్షియం, అమోనియా, వాన మొత్తం, కడిగే గుణకం ఈ నాలుగింటినీ వాటి అనుమాన హద్దుల్లో మార్చుతూ కొన్ని వందల సార్లు నడిపి పీహెచ్‌ను ఒక శ్రేణిగా రాయండి. 4.7 అని రాయడం కన్నా "4.5 నుంచి 4.9" అని రాయడం నిజాయితీ.

ఎక్కువ మూలాలుంటే ఒక్కోదాన్ని తీసేసి నడిపి, వచ్చిన తేడాను దాని వాటాగా చెప్పడం వాడుకలో ఉంది. పెరాక్సైడ్ పరిమితి ఉన్న చోట ఈ వాటాలన్నీ కూడితే మొత్తానికి సమానం కావు. మోడల్ చెడిపోయిందని అనుకోకండి, రసాయనం తీరే అంత.

ఇంకో సందర్భాన్ని తప్పకుండా నడపండి: బూడిదను పట్టే ఫిల్టర్ పెట్టి, సల్ఫర్‌ను అలాగే వదిలేస్తే? గాలిలో మసి తగ్గుతుంది, ఊపిరితిత్తులకు మేలు. కానీ బూడిదతో పాటు కాల్షియం కూడా పోతుంది కాబట్టి వాన ఇంకా ఆమ్లంగా మారొచ్చు. యూరప్, ఉత్తర అమెరికాల్లో సల్ఫర్ తగ్గిన దశాబ్దాల్లోనే గాలిలోని క్షార ధూళి కూడా తగ్గి, సల్ఫర్ తగ్గుదల వల్ల రావలసిన మేలులో కొంత కొట్టుకుపోయింది. ఫిల్టర్‌ను, సల్ఫర్ తొలగించే స్క్రబ్బర్‌ను విడివిడిగా ఒకసారి, కలిపి ఒకసారి, మొత్తం మూడు రన్‌లు చేయండి. ఒక్క రన్‌లోనే రెండూ మార్చేస్తే ఏది ఏం చేసిందో తర్వాత విడదీయలేరు.